ప్లాస్టిక్ ప్యాకింగ్ నుండి ఆహారంలోకి రసాయనాల వలస: ఊరగాయల నిల్వలో గమనించవలసిన అంశాలు

ఉపోద్ఘాతం

ఆవకాయ, మాగాయ, గోంగూర వంటి ఊరగాయలను తెలుగు ఇండ్లలో తరతరాలుగా జాడీలలో నిల్వ చేస్తూ వచ్చారు. నేడు వీటి తయారీ ఇంటి అవసరాన్ని దాటి స్వయం సహాయక సంఘాలకు, రైతు ఉత్పత్తిదారుల సంస్థలకు, చిన్న పరిశ్రమలకు ఆదాయ మార్గంగా మారింది. సరుకు దూరప్రాంతాలకు, విదేశాలకు కూడా వెళ్తున్నందున బరువైన, పగిలే స్వభావం గల జాడీ స్థానాన్ని పెట్ సీసా, పాలీప్రొపిలిన్ డబ్బా, బహుళపొరల సంచి ఆక్రమించాయి. ప్లాస్టిక్ తేలికైనది, చౌకైనది, తేమను అడ్డుకుంటుంది, సీలు వేయడం సులభం. ఈ ప్రయోజనాలను కాదనలేము. అయితే ఆహారాన్ని కాపాడటానికి వాడే ప్యాకింగ్ నుండే కొన్ని రసాయనాలు ఆహారంలోకి చేరగలవు. ఈ ప్రక్రియను రసాయనాల వలస లేదా మైగ్రేషన్ అంటారు.

శిక్షణ కార్యక్రమాలలో విస్తరణ శాస్త్రవేత్తలకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న, "ఈ ప్లాస్టిక్ ఫుడ్ గ్రేడేనా?" అన్నది. ఏ ఆహారానికి, ఎంత ఉష్ణోగ్రత వద్ద, ఎంతకాలం, ఏ పరిమాణపు ప్యాకెట్టులో అన్న నాలుగు అంశాలు తెలియనిదే ఈ ప్రశ్నకు సరైన సమాధానం లేదు. తాగునీటికి తగిన సీసా ఆవకాయకు తగినది కాకపోవచ్చు. కిలో ఊరగాయకు సరిపోయిన పొర 15 గ్రాముల ప్యాకెట్టుకు సరిపోకపోవచ్చు. వలసను నిర్ణయించే అంశాలను, దేశంలో అమలులో ఉన్న ప్రమాణాలను, క్షేత్రస్థాయిలో పాటించవలసిన జాగ్రత్తలను ఈ వ్యాసం వివరిస్తుంది.

వలస వెళ్లే పదార్థాలు

ప్లాస్టిక్‌లో ప్రధాన భాగమైన పాలిమర్ గొలుసులు చాలా పొడవైనవి. అవి సాధారణంగా కదలవు, ఆహారంలో కరగవు. కదిలేవి వాటి మధ్య చిక్కుకొని ఉండే చిన్న అణువులు. సుమారు 1000 డాల్టన్ల కంటే తక్కువ అణుభారం గల పదార్థాలను మన జీర్ణవ్యవస్థ శోషించుకోగలదు కాబట్టి భద్రతా పరిశీలనలో వీటికే ప్రాధాన్యం. ఇవి నాలుగు రకాలు.

1. మిగిలిపోయిన మోనోమర్లు, ఉత్ప్రేరకాలు: పాలిమర్ తయారీలో పూర్తిగా చర్య జరపని ముడి అణువులు ప్లాస్టిక్‌లో మిగిలిపోతాయి. పాలీస్టైరీన్‌లో స్టైరీన్, పాలీకార్బొనేట్‌లో బిస్ఫినాల్-ఎ, పి.వి.సి.లో వినైల్ క్లోరైడ్ ఇందుకు ఉదాహరణలు. పెట్ తయారీలో ఉత్ప్రేరకంగా వాడే యాంటిమొని ట్రైఆక్సైడ్ అవశేషం కూడా ఈ కోవకే చెందుతుంది.

2. ఉద్దేశపూర్వకంగా కలిపే సంకలితాలు: ప్లాస్టిక్ ఎండకు, వేడికి పెళుసుబారకుండా యాంటీ ఆక్సిడెంట్లు, స్టెబిలైజర్లు; మెత్తదనం కోసం ప్లాస్టిసైజర్లు; రంగు కోసం వర్ణకాలు కలుపుతారు. మెత్తని పి.వి.సి.లో ప్లాస్టిసైజర్ బరువులో 30 నుండి 40 శాతం వరకు ఉండవచ్చు. ఇది పాలిమర్‌తో రసాయన బంధం ఏర్పరచుకోదు కాబట్టి నూనె తగిలిన వెంటనే అందులోకి జారిపోయే స్వభావం కలిగి ఉంటుంది.

3. అనుకోకుండా చేరే పదార్థాలు: సంకలితాలు విచ్ఛిన్నం కాగా ఏర్పడేవి, ముడిసరుకులలోని మలినాలు, పొట్టి పాలిమర్ ముక్కలైన ఆలిగోమర్లు ఈ తరగతిలోకి వస్తాయి.

4. సిరాలు, జిగురులు: బహుళపొరల సంచులలో పొరలను అతికించడానికి పాలీయురేథేన్ జిగురు వాడతారు. అది పూర్తిగా గట్టిపడటానికి తగిన వ్యవధి ఇవ్వకుండా సంచులను వినియోగిస్తే ఆరోమాటిక్ అమైన్లు ఆహారంలోకి చేరే ప్రమాదం ఉంది. సంచుల చుట్టలో ఒక పొర వెలుపలి ముద్రణ మరొక పొర లోపలి ముఖానికి ఒత్తుకొన్నప్పుడు కూడా సిరా అవశేషాలు ఆహారం తాకే వైపుకు చేరతాయి. 2005లో ఇటలీలో శిశువుల పాల ప్యాకెట్లలో ఐసోప్రొపైల్ థయోక్సాంథోన్ అనే సిరా రసాయనం బయటపడినప్పుడు పెద్ద మొత్తంలో పాలను జప్తు చేశారు. ప్యాకెట్టు వెలుపలి ముద్రణ కూడా ఆహార భద్రతలో భాగమేనని ఆ సంఘటన తెలియజేసింది.

వలసను నిర్ణయించే నాలుగు అంశాలు

ప్లాస్టిక్ గోడలో చిక్కుకొన్న అణువు మొదట విసరణ ద్వారా గోడ అంచుకు చేరాలి. తరువాత ఆహారంలో కరగాలి. మొదటిది ప్లాస్టిక్ రకం, ఉష్ణోగ్రత, కాలంపై ఆధారపడుతుంది. రెండవది ఆహార స్వభావంపై ఆధారపడుతుంది.

అ) ఆహార స్వభావం: ప్లాస్టిక్ సంకలితాలలో ఎక్కువ భాగం నూనెలో కరిగేవే. నీటిలోకి అతి స్వల్పంగా చేరే యాంటీ ఆక్సిడెంటు నూనెలోకి అనేక రెట్లు అధికంగా చేరుతుంది. పైగా పాలిథిలిన్, పాలీప్రొపిలిన్ పొరలు నూనెను కొంత పీల్చుకొని ఉబ్బుతాయి; అప్పుడు లోపలి అణువుల కదలిక ఇంకా సులభమవుతుంది. పులుపు గల ఆహారాలు లోహ అవశేషాలను, కొన్ని వర్ణకాలను బయటకు లాగుతాయి. ఆవకాయలో మామిడి పులుపు, నువ్వుల నూనె, ఉప్పు మూడూ ఉన్నాయి. అంటే ఆమ్ల ఆహారానికి, కొవ్వు ఆహారానికి చెందిన రెండు రకాల ఒత్తిడులు ఒకే సీసాపై ఏకకాలంలో పడుతున్నాయి.

ఆ) ఉష్ణోగ్రత: ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ విసరణ వేగం ఘాతీయంగా పెరుగుతుంది. ఐరోపా నిబంధనలలో పరీక్షాకాలాన్ని లెక్కించడానికి వాడే 80 కిలోజౌళ్ల ఉత్తేజన శక్తిని ప్రాతిపదికగా తీసుకొంటే, 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న వేగం 45 డిగ్రీల వద్ద సుమారు ఏడున్నర రెట్లు అవుతుంది. అంటే మే నెల ఎండలో రేకుల షెడ్డులో ఒక నెల ఉంచిన సీసా, చల్లని గదిలో ఏడు నెలలకు పైగా ఉంచిన సీసాతో సమానం. తాలింపు వేసిన గోంగూర, టమాటా పచ్చళ్లను వేడి చల్లారకముందే ప్లాస్టిక్ డబ్బాలలో నింపడం మరింత హానికరం. సాధారణ పెట్ సీసా 70 డిగ్రీల పైబడిన వేడికి మెత్తబడి ఆకారం కోల్పోతుంది. హోటళ్లలో పలుచని సంచులలో పోసి ఇచ్చే వేడి సాంబారుకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

ఇ) కాలం: వలస పరిమాణం కాలానికి నేరుగా కాక కాలం యొక్క వర్గమూలానికి అనులోమంగా పెరుగుతుంది. 10 రోజులలో ఒక వంతు వలస జరిగితే 40 రోజులకు రెండు వంతులు, 90 రోజులకు మూడు వంతులు, 360 రోజులకు ఆరు వంతులు జరుగుతుంది. తొలి దినాలలోనే వేగం అధికం. కాబట్టి "కొద్ది రోజులే కదా" అన్న ధైర్యం సరైనది కాదు. అట్లే ఏడాది పొడవునా నిల్వ ఉండే ఊరగాయకు పది రోజుల అనుభవం ప్రమాణం కాజాలదు.

ఈ) ఉపరితలానికీ ఆహారానికీ గల నిష్పత్తి: సాధారణ లెక్కలలో ఒక కిలో ఆహారాన్ని 6 చదరపు డెసీమీటర్ల ప్యాకింగ్ తాకుతుందని భావిస్తారు. చదరపు డెసీమీటరుకు 10 మి.గ్రా. వలస జరిగితే కిలోకు 60 మి.గ్రా. అవుతుంది. ఇప్పుడు 15 గ్రాముల ఊరగాయ ప్యాకెట్టును తీసుకొందాం. దాని కొలత 6 సెం.మీ. పొడవు, 8 సెం.మీ. వెడల్పు అనుకొంటే రెండు ముఖాల వైశాల్యం 96 చదరపు సెం.మీ., అంటే 0.96 చదరపు డెసీమీటర్లు. అదే రేటున 9.6 మి.గ్రా. వలస జరిగితే అది 15 గ్రాముల ఆహారంలోకి చేరుతుంది. కిలోకు లెక్కిస్తే 640 మి.గ్రా.; పెద్ద డబ్బాతో పోలిస్తే పది రెట్లకు పైగా ఎక్కువ. వైశాల్యం ప్రకారం పరీక్షలో నెగ్గిన పొర చిన్న ప్యాకెట్టులో ఆహారాన్ని ఎంత భిన్నంగా ప్రభావితం చేయగలదో ఈ ఉదాహరణ తెలుపుతుంది.

ప్లాస్టిక్ రకాన్ని బట్టి కూడా భేదం ఉంటుంది. అణువుల కదలిక తక్కువ సాంద్రత పాలిథిలిన్‌లో అధికం, ఎక్కువ సాంద్రత పాలిథిలిన్, పాలీప్రొపిలిన్‌లలో అంతకంటే తక్కువ, పెట్‌లో అత్యల్పం. సీసా అడుగున త్రిభుజంలో కనిపించే 1 నుండి 7 వరకు గల సంఖ్యలు ప్లాస్టిక్ రకాన్ని మాత్రమే తెలుపుతాయి. 1 పెట్‌ను, 2 ఎక్కువ సాంద్రత పాలిథిలిన్‌ను, 3 పి.వి.సి.ని, 4 తక్కువ సాంద్రత పాలిథిలిన్‌ను, 5 పాలీప్రొపిలిన్‌ను, 6 పాలీస్టైరీన్‌ను, 7 ఇతరాలను సూచిస్తాయి. ఆ సంఖ్య ఆహార భద్రతకు హామీ కాదు.

సీసాకు వెలుపల పొంచి ఉన్న మార్గాలు

ప్లాస్టిక్ సీసా మానివేసి గాజు సీసా వాడితే సమస్య తీరిపోతుందన్న అభిప్రాయం పూర్తిగా నిజం కాదు. గాజు సీసాల లోహపు మూతల లోపల గాలి చొరబడకుండా అతికించే మెత్తని పొర తరచుగా పి.వి.సి.తో చేసినది. ఐరోపా దేశాలలో నూనెలో నిల్వ చేసిన ఆహారాలను తనిఖీ చేసినప్పుడు ఈ పొరలోని ప్లాస్టిసైజర్లు పరిమితిని మించి నూనెలోకి చేరినట్లు తేలింది. ఆవకాయలో నూనె పైకి తేలి ఉంటుంది. రవాణాలో సీసా పక్కకు ఒరిగితే నూనె మూతను నేరుగా తాకుతుంది. కాబట్టి మూతలను కొనేటప్పుడు నూనె ఆహారాలకు తగినవేనా అని సరఫరాదారుని అడిగి ధ్రువీకరించుకోవాలి. జాడీల విషయంలోనూ జాగ్రత్త అవసరం. నాసిరకం మెరుపు పూతలో సీసం ఉంటే పులుపు దానిని కరిగించి ఆహారంలోకి చేర్చుతుంది.

తయారీ సమయంలో జరిగే వలస అంతకంటే తక్కువగా దృష్టికి వస్తుంది. ప్యాకెట్లలో అమ్మే భోజనాలలో డి.ఇ.హెచ్.పి. అనే థాలేట్ అధికంగా ఉండటానికి కారణాన్ని జపాన్‌లో శోధించినప్పుడు, వంటవారు ధరించిన పి.వి.సి. చేతి తొడుగులే మూలమని తేలింది. 2000లో ఆ దేశ ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఆహార తయారీలో అటువంటి తొడుగులను మానుకోవాలని సూచించింది. ఊరగాయ యూనిట్లలో కారం, నూనె కలిపేటప్పుడు చేతి తొడుగులు తప్పనిసరి. అవి పి.వి.సి.వి కాక నైట్రైల్ లేదా పాలిథిలిన్‌వి అయి ఉండాలి. నూనెను ఒక పాత్ర నుండి మరొక పాత్రకు మార్చే మెత్తని పి.వి.సి. గొట్టాలకూ ఇదే సూచన వర్తిస్తుంది.

గ్రామాలలో కనిపించే మరొక ప్రమాదకరమైన అలవాటు ఖాళీ పురుగుమందు డబ్బాలను, రంగుల బకెట్లను, ఎరువుల సంచులను కడిగి ఆహారానికి వాడటం. ప్లాస్టిక్ తనలోని రసాయనాలను వదలడమే కాక తాను తాకిన రసాయనాలను పీల్చుకొంటుంది కూడా. గోడలోకి ఇంకిన పురుగుమందును సబ్బుతో, నీటితో పూర్తిగా తొలగించలేము. ఆ డబ్బాలో నూనె పోసినప్పుడు అది మళ్లీ బయటకు వస్తుంది. ఇటువంటి డబ్బాలను తిరిగి వాడకుండా రంధ్రాలు చేసి, నిర్దేశించిన విధంగా తొలగించాలని రైతులకు బోధించవలసి ఉంది.

ఆరోగ్యంపై ప్రభావం

వలస జరిగినంత మాత్రాన హాని జరిగినట్లు కాదు. పదార్థపు విషస్వభావం, శరీరంలోకి చేరే మోతాదు, ఎంతకాలం చేరుతున్నదన్న అంశాలు కలిసి హానిని నిర్ణయిస్తాయి. వినైల్ క్లోరైడ్ మనుషులలో క్యాన్సర్ కలిగిస్తుందని 1970వ దశకంలో రుజువైన తరువాత ప్యాకింగ్‌లో దాని అవశేషాన్ని కఠినంగా పరిమితం చేశారు. డి.ఇ.హెచ్.పి. జంతువులలో పునరుత్పత్తి వ్యవస్థకు హాని చేస్తుంది. బిస్ఫినాల్-ఎ హార్మోన్ల పనిలో జోక్యం చేసుకొంటుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో బిస్ఫినాల్-ఎ కు శరీర బరువులో కిలోకు రోజుకు 4 మైక్రోగ్రాములుగా ఉన్న అనుమతి మోతాదును 0.2 నానోగ్రాములకు, అంటే 20,000 రెట్లు తగ్గించింది. నిన్న సురక్షితమన్న పరిమాణం నేటి ఆధారాల వెలుగులో మారవచ్చు. అందువల్ల సాధ్యమైనంత వరకు వలసను తగ్గించడమే వివేకం. గర్భిణులు, శిశువులు తినే ఆహారాల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

ప్రమాణాలు, పరీక్షలు

భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2018లో రూపొందించిన ప్యాకేజింగ్ నిబంధనలు 1 జులై 2019 నుండి అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం ప్లాస్టిక్ ప్యాకింగ్ నుండి సమగ్ర వలస కిలోకు 60 మి.గ్రా. లేదా చదరపు డెసీమీటరుకు 10 మి.గ్రా. మించరాదు. కొన్ని పదార్థాలకు విడిగా నిర్దిష్ట వలస పరిమితులు ఉన్నాయి. యాంటిమొనికి కిలోకు 0.04 మి.గ్రా., డి.ఇ.హెచ్.పి.కి కిలోకు 1.5 మి.గ్రా. వాటిలో కొన్ని. ముద్రించిన వార్తాపత్రికలలో ఆహారాన్ని చుట్టడాన్ని కూడా ఈ నిబంధనలు నిషేధించాయి. ఆహారాన్ని నేరుగా తాకే ప్యాకింగ్‌కు గుర్తింపు పొందిన ప్రయోగశాల ఇచ్చిన అనుగుణ్యతా పత్రాన్ని ఆహార వ్యాపారి పొందవలసి ఉంటుంది.

సమగ్ర వలసను ఐ.ఎస్. 9845 ప్రమాణం ప్రకారం కొలుస్తారు. నిజమైన ఆహారానికి బదులు దానిని పోలిన ద్రావణాలను వాడతారు. నీటి ఆహారాలకు స్వేదనజలం, పులుపు ఆహారాలకు 3 శాతం ఎసిటిక్ ఆమ్లం, ఆల్కహాలు గలవాటికి ఇథనాల్ ద్రావణం, కొవ్వు ఆహారాలకు నార్మల్ హెప్టేన్ ఉపయోగిస్తారు. ద్రావణాన్ని నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద, నిర్ణీత కాలం ప్యాకింగ్‌కు తాకించి, తరువాత ఆవిరి చేసి మిగిలిన అవశేషాన్ని తూస్తారు.

నివేదికను చదివేటప్పుడు రెండు అంశాలను గుర్తుంచుకోవాలి. మొదటిది, ఏ ద్రావణంతో పరీక్షించారన్నది. స్వేదనజలంతో మాత్రమే పరీక్షించిన నివేదిక ఆవకాయకు చెల్లదు. ఎసిటిక్ ఆమ్లం, హెప్టేన్ రెండింటి ఫలితాలు ఉండాలి. రెండవది, పరీక్షా పరిస్థితులు. పైన పేర్కొన్న ఉత్తేజన శక్తి ప్రకారం 40 డిగ్రీల వద్ద 10 రోజుల పరీక్ష, 25 డిగ్రీల వద్ద సుమారు 47 రోజుల నిల్వకు సమానం. అందుకే ఐరోపాలో ఆరు నెలలకు మించిన నిల్వకు నిర్దిష్ట వలసను 60 డిగ్రీల వద్ద 10 రోజులు పరీక్షిస్తారు. ఏడాది నిల్వ ఉండే ఊరగాయ విషయంలో ఈ భేదం చిన్నది కాదు. ఇంకొక విషయం: సమగ్ర వలస పరీక్ష మొత్తం ఎంత పదార్థం బయటకు వచ్చిందో చెబుతుంది గాని, వచ్చినది ఏమిటో చెప్పదు. అది తెలియాలంటే నిర్దిష్ట వలస పరీక్షే శరణ్యం.

క్యారీ సంచుల మందం 120 మైక్రాన్లు ఉండాలన్న నిబంధనను ఆహార భద్రతకు గుర్తుగా భావించడం పొరపాటు. 31 డిసెంబరు 2022 నుండి అమలైన ఆ నిబంధన వ్యర్థాల నిర్వహణకు ఉద్దేశించినది. మందమైన సంచిలో సంకలితాల మొత్తం కూడా ఎక్కువే. ఆహారానికి వాడే పాలిథిలిన్‌కు ఐ.ఎస్. 10146, పాలీప్రొపిలిన్‌కు ఐ.ఎస్. 10910, పెట్‌కు ఐ.ఎస్. 12252 ప్రమాణాలు విడిగా ఉన్నాయి.

విస్తరణ సిబ్బందికి సూచనలు

1. ప్యాకింగ్ కొనేముందు ప్లాస్టిక్ పేరు, వర్తించే ఐ.ఎస్. సంఖ్య, పరీక్షకు వాడిన ద్రావణం, ఉష్ణోగ్రత, కాలం గల నివేదికను సరఫరాదారు నుండి రాతపూర్వకంగా తీసుకొనేలా ఉత్పత్తిదారులకు శిక్షణ ఇవ్వాలి.

2. ఊరగాయలను, పచ్చళ్లను గది ఉష్ణోగ్రతకు పూర్తిగా చల్లార్చిన తరువాతే నింపాలి.

3. టోకు నిల్వకు గాజు లేదా ఆహారానికి తగిన స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలను వాడి, అమ్మకానికి కొద్దికాలం ముందు మాత్రమే ప్లాస్టిక్‌లో ప్యాక్ చేయాలి. ఉప్పు, పులుపు వల్ల స్టీలుపై గుంటలు, తుప్పు ఏర్పడుతున్నాయేమో అప్పుడప్పుడు పరిశీలించాలి.

4. చిన్న ప్యాకెట్లకు వలస తక్కువగా గల పొరలను ఎంచుకొని, కిలో ఆహారానికి అయ్యే వలసను లెక్కించి చూడాలి.

5. సరుకును ఎండ తగలని, గాలి ఆడే గదిలో ఉంచాలి. రేకుల షెడ్డు, నిలిపిన వాహనం నిల్వకు పనికిరావు.

6. ఒకసారి వాడే పెట్ సీసాలను, రంగుల బకెట్లను, పురుగుమందు డబ్బాలను ఆహారానికి తిరిగి వాడరాదు.

మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, హైదరాబాదులో శాఖ గల భారతీయ ప్యాకేజింగ్ సంస్థ వంటివి ప్యాకింగ్ పరీక్షలలో అనుభవం గలవి. ఒక్కొక్క సంఘం విడిగా పరీక్ష ఖర్చు భరించలేనప్పుడు, ఒకే సరఫరాదారు నుండి కొనే సంఘాలన్నీ కలిసి ఒక నమూనాను పరీక్షింపజేసుకోవచ్చు.

విద్యార్థులకు ఈ రంగం మంచి పరిశోధనాంశం. ఒకే విడతలో తయారైన ఆవకాయను గాజు, పెట్, పాలీప్రొపిలిన్ పాత్రలలో 25, 35, 45 డిగ్రీల వద్ద ఉంచి 10, 40, 90, 360 రోజులకు నమూనాలు తీస్తే వర్గమూల సూత్రం నిజమైన ఊరగాయకు ఎంతవరకు వర్తిస్తుందో తెలుస్తుంది. గాజు సీసాలోని నమూనాను పోలిక కోసం తప్పక ఉంచాలి. నూనెలోను, కారంలోను ముందే ఉన్న థాలేట్లను ప్యాకింగ్‌కు ఆపాదించకుండా అది కాపాడుతుంది.

ముగింపు

ప్లాస్టిక్ ప్యాకింగ్ చిన్న ఉత్పత్తిదారులకు దూరపు మార్కెట్లను అందుబాటులోకి తెచ్చింది. దానిని పూర్తిగా వదలివేయమనడం ఆచరణ సాధ్యం కాదు. ఫుడ్ గ్రేడ్ అన్న మాట వినగానే నిశ్చింతగా ఉండటమూ తగదు. ఆహార స్వభావం, ఉష్ణోగ్రత, కాలం, ప్యాకెట్టు పరిమాణం అన్న నాలుగు ప్రశ్నలను ప్రతి కొనుగోలుకు ముందు వేసుకొనే అలవాటు ఉత్పత్తిదారులలో పెంపొందిస్తే, వినియోగదారుని ఆరోగ్యంతో పాటు వారు కష్టపడి సంపాదించుకొన్న మార్కెట్ కూడా నిలబడుతుంది.